డెక్ మీద వంటగది: బరువు తగ్గించాం, ఖర్చు దానంతటదే తగ్గింది

ఇంటి వెనక చెక్క డెక్, అంటే స్తంభాల మీద చెక్క పలకలు పరిచిన అరుగు, ఉన్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ కోరిక పుడుతుంది. లోపల వంటింట్లో పొగ, వేడి, నూనె వాసన. బయట గాలి, వెలుతురు, నలుగురూ కూర్చునే చోటు. అక్కడే ఒక గట్టు, ఒక స్టవ్, సామాను పెట్టుకోడానికి రెండు అరలు ఉంటే చాలు కదా అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది. చేతిలో ఉన్న డబ్బు మాత్రం తక్కువ. ఫోటోల్లో కనిపించే రాతి గోడల వంటగదులు, వాటి మధ్యలో బిగించిన పెద్ద స్టీలు గ్రిల్లులు మా లెక్కకి అందేవి కావు. పనిలోకి దిగాక తెలిసిందేమిటంటే, డబ్బున్నా అవి మా డెక్‌కి పనికొచ్చేవి కావు. చెక్క డెక్ మీద ఏది తేలికో అదే చవక, చాలావరకు అదే క్షేమం కూడా. తక్కువ డబ్బుతో మొదలుపెట్టే వాళ్లకి ధైర్యం ఇచ్చే విషయం ఇది. అందుకే మేం ఏం చేశామో, ఎందుకలా చేశామో వివరంగా రాస్తున్నాను.

ముందుగా మా డెక్ కట్టిన వడ్రంగి మేస్త్రిని పిలిచాం. స్టవ్ ఎక్కడ, గట్టు ఎంత పొడవు అని కాగితం మీద గీసుకున్న బొమ్మ చూపించబోయాను. ఆయన కాగితం అందుకోలేదు.

"అది తర్వాత చూద్దాం మేడమ్. ముందు టార్చి పట్టుకురండి, కిందకి వెళ్దాం" అన్నారు.

పైన నిలబడి చూస్తే డెక్ అంతా ఒకటే నేల. కిందకి వెళ్లి చూస్తే కాదు. భూమిలో కాంక్రీటు దిమ్మెలు, వాటి మీద స్తంభాలు, స్తంభాల మీద ఒక పెద్ద దూలం, దాని మీద అడ్డంగా వరసగా జాయిస్టులనే చిన్న దూలాలు, వాటి పైన మనం నడిచే పలకలు. రెండో వైపు జాయిస్టుల కొసలు ఇంటి గోడకి బోల్టులతో బిగించిన చెక్కకి వేలాడుతున్నాయి. అంటే బరువు పెద్ద దూలానికి దగ్గరగా ఉంటే నేరుగా స్తంభాల్లోంచి భూమిలోకి దిగుతుంది. రెండు ఆధారాల మధ్య, నడిమధ్యలో పెడితే జాయిస్టులు వంగుతాయి. మేస్త్రి ఒక్కో జాయిస్టు కొసనీ స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూశారు. గట్టి చెక్కలో మొన దిగదు, కుళ్లు పట్టిన చోట సులువుగా దిగిపోతుంది. మా అదృష్టం, చెక్క అంతా బాగానే ఉంది. గోడ వైపు రెండు ఇనుప క్లాంపులు మాత్రం తుప్పు పట్టి రేకులు లేస్తున్నాయి. వాటిని మార్చడమే మా బయటి వంటగదికి పెట్టిన మొదటి ఖర్చు.

తర్వాత లెక్క. ఇళ్ల డెక్‌లని చాలాచోట్ల చదరపు మీటరుకి దగ్గర దగ్గర 200 కిలోల బరువు, అంటే మనుషులు, కుర్చీలు, సామాను అన్నీ కలిపి, మోసేలా కడతారు. మీ డెక్ అంతకంటే బలంగా ఉండొచ్చు, పాతదైతే తక్కువ కూడా ఉండొచ్చు. కట్టినవాళ్లని గానీ ఇంజనీరుని గానీ అడిగి తెలుసుకోవాలి. ఇప్పుడు మేం మొదట అనుకున్న గట్టు చూడండి. రెండు మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల ఎత్తు. కాంక్రీటు బోలు బ్లాకులతో వెనక గోడ, రెండు పక్క గోడలు, మధ్యలో ఒక అడ్డగోడ కడితే ఇంచుమించు 40 బ్లాకులు. ఒక్కోటి 17 కిలోలు వేసుకున్నా 680 కిలోలు. పైన రెండు సెంటీమీటర్ల గ్రానైటు పలక ఇంకో 65 కిలోలు. సిమెంటు, ఇసుక వదిలేసినా మొత్తం 745 కిలోలు. అది నిలబడేది 1.2 చదరపు మీటర్ల నేల మీద. చదరపు మీటరుకి 600 కిలోలు దాటిపోయింది. దీన్ని మోయాలంటే కింద కొత్త దిమ్మెలు, కొత్త స్తంభాలు వేయాలి. అది వంటగది ఖర్చు కాదు, డెక్ మళ్లీ కట్టే ఖర్చు.

మా ఆయన ఈ లెక్క రెండోసారి వేసి చూసి, రాయి మాట ఇంక ఎత్తలేదు. గట్టుని రెండు ముక్కలు చేద్దామన్నారు: స్టవ్ పక్కన ఉండేది ఇనుప ఫ్రేముతో, దానికి అవతల ఉండేది చెక్కతో. స్టవ్ కాక మిగతాదంతా కలిపి 100 కిలోల లోపే తేలింది. కింద ఒక్క స్తంభం కూడా కొత్తగా వేయాల్సిన అవసరం లేకపోయింది.

స్థలం ఎంచుకోవడంలో కొంచెం తర్జనభర్జన పడ్డాం. వంటింటి తలుపు పక్కనే అయితే గిన్నెలు మోసుకెళ్లడం సులువు. కానీ అక్కడ తలమీద ఇంటి చూరు ఉంది, పక్కనే కిటికీ ఉంది. గ్రిల్లు ఇంటి గోడకి కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండాలని చాలాచోట్ల అగ్నిమాపక సిబ్బంది చెప్తారు. చూరు కిందా, చెట్టు కొమ్మల కిందా అసలే వద్దు. బయటి అంచున, పెద్ద దూలం దాదాపు కిందనే ఉన్న మూలలో పెడితే బరువు లెక్కా కుదిరింది, ఇంటికి దూరమూ కుదిరింది. అక్కడ చెక్క రెయిలింగు ఉంటుంది కాబట్టి స్టవ్‌ని దాన్నుంచి లోపలికి జరపాలి. రెయిలింగు కూడా మండేదే. గాలి ఎటు నుంచి వీస్తుందో చూడటానికి ఒక కర్రకి రిబ్బను కట్టి, సాయంత్రం పూట, అంటే మేం వండే సమయంలో గమనించాం. పొగ కూర్చునే వాళ్ల మీదకి రాకుండా స్టవ్ చివరికొచ్చింది. వరస ఇలా కుదిరింది: ముందు స్టవ్, దాని పక్కన ఇనుప గట్టు, ఆ తర్వాత చెక్క గట్టు.

మొత్తం పనిలో బాగా డబ్బు మిగిల్చిన నిర్ణయం స్టవ్‌ని గట్టులో బిగించకపోవడం. గట్టులోకి దించి బిగించే గ్రిల్లులు వేరే రకం. వాటి చుట్టూ మండని పదార్థంతో కట్టిన గూడు ఉండాలి. చుట్టూ చెక్క ఉంటే మధ్యలో ప్రత్యేకంగా వేడిని ఆపే స్టీలు తొడుగు పెట్టాలి. గ్రిల్లు ఖరీదుకి ఈ తొడుగు ఖరీదు తోడవుతుంది. దాని బదులు స్టవ్‌గా చక్రాల మీద నిలబడే మామూలు గ్యాసు గ్రిల్లు కొని, గట్టు పక్కన దానికి చోటు వదిలాం. పాడైతే బయటికి లాగి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఇంకో రకం కొలతలో వచ్చినా గట్టు పగలగొట్టక్కర్లేదు. చక్రాల గ్రిల్లు కొని, అందంగా ఉంటుందని చుట్టూ చెక్క పెట్టె కట్టేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. గ్యాసు గ్రిల్లు మూత మూసినప్పుడు వేడిగాలి ఎక్కువగా వెనక నుంచి బయటికొస్తుంది. వెనక ఎంత ఖాళీ, పక్కల ఎంత ఖాళీ ఉండాలో దాంతోపాటు వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. ఒక్కో మోడల్‌కి ఒక్కో కొలత. మేం ఆ కొలతని చాక్‌పీసుతో డెక్ మీద గీసి, ఆ గీత లోపల మండే వస్తువేదీ ఉండకూడదని పెట్టుకున్నాం. ఆ గీతే మా ఇంట్లో అందరికీ చట్టం.

బొగ్గుల పొయ్యి కావాలని నాకూ ఉండేది, రుచి కోసం. కానీ చెక్క నేల మీద నిప్పురవ్వ భయం ఒకటి, బూడిద భయం ఒకటి. చల్లారినట్టు కనిపించే బొగ్గులు ఒకటి రెండు రోజుల దాకా లోపల వేడిగానే ఉండగలవు. బొగ్గులే కావాలనుకుంటే మూత ఉన్న ఇనప బకెట్‌లో బూడిద ఎత్తి, దాన్ని డెక్ మీద కాకుండా కింద మట్టి మీద, ఇంటికి దూరంగా పెట్టాలి. ఆ శ్రద్ధ ప్రతిసారీ మావల్ల కాదనిపించి గ్యాసుకే ఓటేశాం. అయినా గ్రిల్లు కింద నేలకి రక్షణ కావాలి. నూనె చుక్కలు పడతాయి, వేడి దిగుతుంది. మండని గ్రిల్ మ్యాట్లు దొరుకుతాయి. మేం సిమెంట్ బోర్డు ముక్క మీద మిగిలిన టైల్స్ అంటించి, కింద చిన్న రబ్బరు కాళ్లు పెట్టాం. రబ్బరు కాళ్లెందుకంటే, పలక నేలకి అంటుకుపోతే దాని కింద వాన నీరు నిలిచి చెక్క కుళ్లుతుంది. మీ డెక్ పలకలు చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన కాంపోజిట్ రకమైతే ఈ రక్షణ ఇంకా అవసరం. అవి వేడికి మెత్తబడి ఆకారం చెడిపోతాయి.

ఇనుప ఫ్రేముకి 25 మిల్లీమీటర్ల జీఐ, అంటే జింకు పూత వేసిన, స్క్వేరు పైపులు వాడాం. ముక్కలు కోయించి బోల్టులతో బిగించాం. వెల్డింగు చేస్తే కీళ్ల దగ్గర జింకు పూత కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. బోల్టులైతే ఆ బాధ లేదు, వెల్డరు కూలీ కూడా మిగిలింది. కోసిన కొసలకి మాత్రం జింకు పెయింటు రెండు పూతలు వేశాం.

చెక్క గట్టు దగ్గర మేస్త్రి నాకు ఒక స్క్రూ చూపించారు. డెక్ అంచున వదులైన పలక నుంచి ఆయనే ఊడదీసింది. తల దగ్గర బాగానే ఉంది. చెక్కలో దిగిన భాగం మాత్రం సగానికి సగం సన్నబడి, మరలు అరిగిపోయి, వేలితో రుద్దితే నల్లటి పొడి రాలింది. పురుగు పట్టకుండా, కుళ్లకుండా మందు ఎక్కించిన చెక్కలో ఇప్పుడు ఎక్కువగా రాగి కలిసిన మందులు వాడతారు. తడి తగిలినప్పుడు ఆ రాగి మామూలు ఇనుప మేకుల్ని, అల్యూమినియాన్ని తినేస్తుంది. అలాంటి చెక్కకి హాట్ డిప్ గాల్వనైజ్ చేసిన, అంటే కరిగిన జింకులో ముంచి తీసిన, స్క్రూలు గానీ, స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ వాడాలి. పైపైన మెరిసే సన్నటి జింకు పూత స్క్రూలు చాలవు. స్క్రూల మీద మిగిల్చేది కొంచెమే, పోయేది మొత్తం గట్టు. మేం అన్నిటికీ స్టెయిన్‌లెస్ స్క్రూలే తెచ్చాం. అలాగే మందు చెక్క తునకల్ని పొయ్యిలో వేసి కాల్చకూడదు, ఆ పొగ విషం. పాతకాలపు మందు చెక్కలో ఆర్సెనిక్ కూడా ఉండేది.

ఆహారం తగిలే చోట కూడా ఆ చెక్క వద్దనుకున్నాం. ఫ్రేము వరకే మందు చెక్క, పైన మాత్రం మందు ఎక్కించని టేకు పట్టీలు. ఎవరో తలుపులు చేయించుకోగా మిగిలిన కోతలు దొరికాయి, పొట్టివైనా మాకు సరిపోయాయి. పట్టీకీ పట్టీకీ మధ్య అయిదారు మిల్లీమీటర్ల సందు వదిలాం. వాన పడితే నీళ్లు సందుల్లోంచి దిగిపోతాయి, చెక్క ఉబ్బినా ఒకదాన్నొకటి తోసుకోవు. కూరగాయలు తరగడానికి పైన విడిగా ఒక చెక్క పలక పెట్టుకుంటాం.

ఎత్తు విషయంలో అందరూ 90 సెంటీమీటర్లంటారు. అది సగటు మనిషికి. నిలబడి మోచెయ్యి మడిస్తే నేల నుంచి మోచేతికి ఎంత ఎత్తుందో, దానికి 10 నుంచి 15 సెంటీమీటర్లు తక్కువలో గట్టుంటే భుజాలు నొప్పెట్టవు. ఎక్కువసేపు తరిగేది నేనే కాబట్టి చెక్క గట్టు నా కొలతకి 85కి దించాం. స్టవ్ దగ్గర నిలబడేది మా ఆయన. ఆ పక్క ఇనుప గట్టు 90కే ఉంచాం. చూడ్డానికి రెండూ ఒకే ఎత్తులో లేవని ఒకరిద్దరు అన్నారు. రోజూ వాడేది మేం కదా.

ఇనుప గట్టు పైభాగం మీద నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాను, ఎందుకంటే వేడి గిన్నె దింపేది అక్కడే, వాన నేరుగా పడేది అక్కడే. ఫ్రేము మీద 12 మిల్లీమీటర్ల సిమెంట్ బోర్డు, దాని మీద నీళ్లు దిగకుండా వాటర్‌ప్రూఫ్ పూత, దాని మీద విట్రిఫైడ్ టైల్స్. సిమెంట్ బోర్డు నీటికి పాడవదు గానీ నీటిని ఆపదు కూడా. తడి దానిలోంచి కిందకి దిగుతుంది, అందుకే ఆ పూత. టైల్స్ కూడా నీళ్లు పీల్చని రకమై ఉండాలి. గోడలకి అంటించే మామూలు టైల్స్ నీళ్లు పీలుస్తాయి, మంచు పడే చోట ఆ నీళ్లు గడ్డకట్టి టైలు పగులుతుంది. పోర్సిలిన్, విట్రిఫైడ్ రకాలు తమ బరువులో అర శాతానికి మించి నీరు పీల్చవు. అంటించే పొడి, సందులు నింపే గ్రౌటు కూడా ఆరుబయటికి పనికొచ్చేవే కొనాలి. ఇంత చిన్న గట్టుకి కావలసిన టైల్స్ కొత్త పెట్టె కొనక్కర్లేదు. ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్ల దగ్గరా మిగిలిన టైల్స్ మూలన పడి ఉంటాయి. అడిగితే తీసుకెళ్లమంటారు.

వాటం మర్చిపోవద్దు. గట్టు రసమట్టానికి సరిగ్గా సమంగా ఉంటే వాన నీరు అక్కడే నిలుస్తుంది. మీటరుకి ఒక సెంటీమీటరు చొప్పున, 60 సెంటీమీటర్ల వెడల్పుకి ఆరు మిల్లీమీటర్లు వెనక్కి వాటం ఇచ్చాం. గిన్నె పెడితే తేడా తెలియదు, నీటికి మాత్రం తెలుస్తుంది. వెనక అంచు రెండున్నర సెంటీమీటర్లు బయటికి వచ్చేలా ఉంచి, ఆ అంచు అడుగున పొడవునా ఒక సన్నటి గాడి కోయించాం. టైల్స్ ఆరాక ఒక చెంబు నీళ్లు పోసి కింద కూర్చుని చూశాను. నీళ్లు అంచు దాకా వచ్చి, అడుగు వైపు వంగి, బోర్డు వెంట లోపలికి పాకడానికి బయల్దేరాయి. గాడి దగ్గరికి రాగానే ఆగి, బొట్లుబొట్లుగా తెగి కింద పలకల సందుల్లోకి పడ్డాయి. ఫ్రేము పైపు మీద ఒక్క చుక్క పడలేదు. ఆ గాడి లేకపోతే నీళ్లన్నీ ఇనుము మీదకే చేరేవి. దానికైన ఖర్చు కోత యంత్రం పట్టినవాడి అయిదు నిమిషాల పని.

గట్టు కాళ్లకి మర తిప్పి ఎత్తు సరిచేసుకునే పాదాలు వేశాం. డెక్ నేలకి కూడా నీళ్లు పోవడానికి కొంచెం వాలు ఉంటుంది కాబట్టి ఇవి లేకుండా గట్టు నిలవదు. ప్రతి కాలూ ఏదో ఒక జాయిస్టు మీద పడేలా చూసుకున్నాం. పలకల మీద స్క్రూల వరస కనిపిస్తుంది కదా, జాయిస్టు దాని కిందే ఉంటుంది. పొరపాటున కాలు రెండు జాయిస్టుల మధ్య పడితే బరువంతా ఒక్క పలక మీద పడుతుంది. తేలిక గట్టు కాబట్టి ఈదురుగాలికి గానీ, పిల్లలు ఎక్కితే గానీ ఒరిగిపోకుండా వెనక రెండు కోణపు బిళ్లలతో జాయిస్టులోకి బిగించాం.

తలుపులు, అరల విషయంలో చవకగా దొరికాయని పాత వంటింటి అల్మారాలు తెచ్చిపెట్టమని చాలామంది సలహా ఇచ్చారు. అవి ఎక్కువగా పొడి నొక్కి చేసిన బోర్డువి. ఒక్క వానాకాలం తడికి అంచులు ఉబ్బి పొరలు లేస్తాయి. ఉచితంగా ఇచ్చినా వద్దు. మేం తలుపులు ఒక్క చోటే పెట్టాం, మిగతావి తెరిచిన అరలు. ఆ తలుపులు పాత సామాను దుకాణంలో స్టీలువి దొరికాయి. జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్లాను. 304 రకం స్టెయిన్‌లెస్‌కి అయస్కాంతం దాదాపుగా అంటుకోదు, చవకైన 430 రకానికి గట్టిగా అంటుకుంటుంది. 304లో క్రోమియంతో పాటు నికెల్ ఉంటుంది, తుప్పుకి బాగా తట్టుకుంటుంది. సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకి అది కూడా చాలదు, 316 కావాలి. మంచి స్టీలు పాతదైనా కొత్తదే.

గ్యాసు సిలిండర్‌కి మాత్రం తలుపులున్న అర ఇవ్వలేదు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు. అందులోని ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైతే పైకి తేలిపోదు, నేలని పట్టుకుని పాకి, ఖాళీ దొరికిన చోట గుంటలో నీరులా నిలుస్తుంది. అందుకని సిలిండర్ ఉండే చోట అడుగున గాలి రంధ్రాలు తప్పనిసరి. పైన పెట్టి లాభం లేదు. మాది మూడు వైపులా తెరిచి ఉన్న చోటే, నిలువుగా నిలబెట్టి, దొర్లకుండా బెల్టు కట్టాం. గ్రిల్లు నేరుగా కింద మాత్రం కాదు. పైపు వేడి భాగాలకి తగలకుండా, కాలికి అడ్డం రాకుండా పక్క నుంచి వెళ్తుంది. బిగించాక గిన్నెలో సబ్బు నీళ్లు నురగ వచ్చేలా కలిపి, బ్రష్‌తో ప్రతి కీలుకీ పూసి, స్టవ్ నాబ్‌లు మూసి సిలిండర్ తెరిచాం. రెగ్యులేటర్ దగ్గర ఏమీ లేదు. స్టవ్ వైపు నట్టు దగ్గర ఆవగింజంత బుడగ ఒకటి మెల్లగా ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఇంకోటి ఉబ్బింది. వాసన అసలు రాలేదు. వెంటనే మూసి, నట్టు మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టి బిగించి, మళ్లీ పూశాం. బుడగ రాలేదు. సిలిండర్ మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చేస్తాం. అగ్గిపుల్లతో చూడటమనే మాటే ఎత్తొద్దు. ఇంకొకటి: గ్రిల్లు ముట్టించేటప్పుడు మూత తెరిచే ఉంచాలి. మూసి ముట్టిస్తే లోపల నిండిన గ్యాసు ఒక్కసారిగా అంటుకుంటుంది.

నీళ్ల విషయంలో టెన్షన్ పెట్టుకోలేదు. సింకు పెట్టడం తేలికే, దాని మురుగు నీటిని తీసుకెళ్లి కాలువలో కలపడమే ఖర్చు, దానికి అనుమతులు కూడా అడగొచ్చు. కుళాయి ఉన్న పెద్ద క్యాను లోపలి నుంచి నింపి తెచ్చుకుంటాం, కింద స్టీలు బేసిన్, దాని కింద బకెట్. చేతులు కడుక్కోడానికి, కూరగాయలు కడగడానికి ఇది చాలు. గిన్నెలు లోపలే తోముతాం. తోట పైపు నీళ్లు వంటకి వాడొద్దు. తాగునీటికి పనికొస్తుందని రాసి ఉన్న పైపులు వేరే ఉంటాయి. కరెంటు ఒకే ఒక్క ప్లగ్ పాయింటు, మూత ఉన్న బయటి రకం, దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు. ఈ ఒక్క పనీ పూర్తిగా ఎలక్ట్రీషియన్‌కే వదిలేశాం. తడి చేతులతో తిరిగే చోట కరెంటు మీద ప్రయోగాలు వద్దు. దీపానికి సోలార్‌ది తగిలించాం. అనుమతుల సంగతికొస్తే, మాది కదిలించగలిగే స్టవ్, బిళ్లలు విప్పితే కదిలించగలిగే గట్టు కాబట్టి పెద్దగా ఏమీ అడగలేదు. స్థిరమైన గ్యాసు లైను గానీ పైకప్పు గానీ వేస్తే మీ దగ్గరి నిబంధనలు వేరుగా ఉండొచ్చు, ముందే కనుక్కోండి.

నూనె పట్టే ట్రేని వండిన మర్నాడే ఖాళీ చేస్తాం. గ్రిల్లు అంటుకుని ప్రమాదాలు జరగడానికి ఒక ముఖ్య కారణం అక్కడ పేరుకున్న కొవ్వు. చేతికందే దూరంలో, కానీ స్టవ్ వెనక కాకుండా, డెక్ మెట్ల పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టాం. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదని, గ్యాసు కట్టేసి మూత మూసేయాలని ఇంట్లో అందరికీ ఒకసారి చేసి చూపించాం. పెద్దమ్మాయి తనంతట తాను మళ్లీ చేసి చూపించింది, అప్పుడు నాకు నిశ్చింతగా అనిపించింది.

ఖర్చంతా చూసుకుంటే గ్రిల్లు తర్వాత ఎక్కువ పోయింది ఇనుప పైపులకి, స్టెయిన్‌లెస్ స్క్రూలకి, సర్దుబాటు పాదాలకి. కంటికి కనిపించని వాటికే. టైల్స్, టేకు, తలుపులు, బేసిన్, అంటే చూసినవాళ్లు మెచ్చుకునేవన్నీ దాదాపు ఊరికే వచ్చాయి. నన్నడిగితే తక్కువ డబ్బున్నప్పుడు సరిగ్గా ఇలాగే ఖర్చుపెట్టాలి. పైన కనిపించేవాటిని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. స్క్రూలు తుప్పు పడితే మార్చడానికి గట్టే విప్పాలి.

వానలూ ఎండలూ ఒక చుట్టు చూశాక గట్టు ఎలా ఉందో కూడా చెప్పాలి. టేకు బూడిద రంగుకి తిరిగింది, నూనె రాస్తే మళ్లీ రంగొస్తుంది, రాయకపోయినా చెక్కకి నష్టం లేదు. గ్రౌటు మీద సీలెంట్ మళ్లీ పూశాం, ఇది ఏటా చేయాలి. బోల్టులు కొన్ని కొంచెం వదులయ్యాయి, చెక్క తడికి ఉబ్బి ఎండకి కుంచించుకుంటుంది కాబట్టి అది మామూలే. రబ్బరు పైపుని వంచి పగుళ్లున్నాయేమో చూస్తుంటాం.

ఇక మిగిలింది నీడ. మధ్యాహ్నం పూట అక్కడ నిలబడటం కష్టంగానే ఉంది. గుడ్డ గొడుగు స్టవ్ దగ్గర పెట్టలేం. పైకప్పు వేస్తే బరువు ఒక్కటే కాదు, ఈదురుగాలికి అది పైకి లాగే లాగుడు కూడా ఉంటుంది. మేస్త్రి మాట ప్రకారం దాని స్తంభాలు డెక్ మీద నిలబెట్టకుండా, డెక్ పక్కన నేలలో సొంత దిమ్మెలు వేసి లేపాలి. స్టవ్ పైన రేకు ఎంత ఎత్తులో ఉండాలి, పొగ పోవడానికి ఎంత ఖాళీ వదలాలి అన్నవి ఇంజనీరుని పిలిచి అడగాలనుకుంటున్నాం. ఆ డబ్బు కూడబెట్టేదాకా పొద్దువాలాకే వండుకుంటాం.